దగ్గరి దారిన వద్దు: ఒక కుమ్మరి రాసిన గుట్టు జాబులు

(మా గ్రంథాలయంలో నెలనెలా జరిగే సభలో ఒక విశ్రాంత కామర్స్ లెక్చరర్ గారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆ, చాలు.

మీలో పశువుల సంత చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. పర్లేదు, పదిమంది దాకా ఉన్నారు. అయితే మీకు తెలుసు. ఎద్దుల జత దగ్గర బేరం ఎలా జరుగుతుంది? నోటితో జరగదు. దళారి భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఇన్ని వేళ్లంటే ఇంత ధర. చుట్టూ యాభైమంది కళ్లప్పగించి చూస్తూనే ఉంటారు, ఒక్కడికీ అంతు చిక్కదు. ఇవాళ నేను చెప్పబోయేది కూడా తువ్వాలు కింద బేరమే. కాకపోతే అది కాగితపు తువ్వాలు. ఊరు ఇంగ్లండు. కాలం 1760ల నుంచి 1790ల దాకా.

బడిలో మనకి పారిశ్రామిక విప్లవం అంటే ఏం చెప్పారు? ఆవిరి యంత్రం, నూలు మిల్లు, బొగ్గు. ముగ్గురు నలుగురి పేర్లు, నాలుగు సంవత్సరాలు. పరీక్ష అయిపోయింది. నాకు మాత్రం అప్పటినుంచీ ఒక సందేహం ఉండిపోయింది. ఫ్యాక్టరీ ఒక ఊళ్లో, అమ్మే కొట్టు ఇంకో ఊళ్లో, ముడిసరుకు మరో ఊళ్లో. ఫోను లేదు, తంతి లేదు. మరి వీళ్లు ఎలా మాట్లాడుకున్నారు? పక్కవాడికి తెలిస్తే కొంప మునిగే మాటని రెండొందల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషికి ఎలా చెప్పారు? యంత్రాల కన్నా నాకు ఇదే ఆసక్తి. అందుకే ఇవాళ యంత్రాల జోలికి పెద్దగా పోను. జాబుల సంగతి చెప్తాను.

మన కథానాయకుడు ఒక కుమ్మరి. జోసయ్య వెడ్జ్‌వుడ్. 1730లో ఇంగ్లండు నడిమధ్యన స్టాఫర్డ్‌షైర్‌లో, బర్స్‌లెమ్ అనే ఊళ్లో పుట్టాడు. తాతతండ్రులంతా కుమ్మరులే. తొమ్మిదో ఏట తండ్రి పోతే సారె దగ్గరికి వచ్చేశాడు. చిన్నప్పుడే అమ్మవారు పోసి మోకాలు చెడింది. 1768 మే 28న ఆ కాలు తీసేశారు. మత్తుమందు లేని రోజులు, గుర్తుంచుకోండి. ఆ రోజే ఆయన గుమాస్తా పీటర్ స్విఫ్ట్ లండను కొట్టుకి రాసిన వ్యాపార జాబు ఒకటి ఉంది. ఏమని? తమరు 26న రాసినది అందింది, జవాబు ఇప్పుడు ఇవ్వలేం, దొరవారికి ఇవాళ కాలు తీశారు, అంతటి పని జరిగాక ఎంత బాగుండగలరో అంత బాగున్నారు. అంతే! చూశారా? కాలు పోయిందన్న కబురు కూడా సరుకు కబుర్ల మధ్యలో వెళ్లింది. వ్యాపారస్తుడి ఇంట్లో జాబు అంటే అలా ఉంటుంది. మా మేనమామగారిది బట్టలకొట్టు. ఆయన ఇంట్లో పెళ్లి శుభలేఖ వెనక కూడా బేళ్ల లెక్క ఉండేది.

ఇక ఆ జాబులు అందుకునే మనిషి. థామస్ బెంట్లీ. లివర్‌పూల్ వర్తకుడు, బాగా చదువుకున్నవాడు, పెద్దమనుషులతో మసలడం తెలిసినవాడు. 1762లో వెడ్జ్‌వుడ్ లివర్‌పూల్ వెళ్తూ దారిలో ఆ పాడు మోకాలికే దెబ్బ తగిలించుకుని అక్కడ మంచాన పడ్డాడు. వైద్యం చేసిన డాక్టరు, ఈయనకి పొద్దుపోవాలి కదా అని తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ స్నేహితుడే బెంట్లీ. అప్పుడు కలిసిన మనసులు బెంట్లీ పోయేదాకా, అంటే 1780 దాకా, విడలేదు. 1769లో ఇద్దరూ వాటాదారులయ్యారు. ఎట్రూరియా అని కొత్త ఫ్యాక్టరీ కట్టి, జూన్ 13న తొలి రోజు ఆరు పూలకుండీలు చేశారు. వెడ్జ్‌వుడ్ మట్టి పట్టాడు, బెంట్లీ చక్రం తిప్పాడు. ఆ తరవాత ఇద్దరూ చెరో దిక్కు. ఈయన ఎట్రూరియాలో మట్టి దగ్గర, ఆయన లండనులో దొరల దగ్గర. మధ్యలో రెండొందల నలభై కిలోమీటర్లు. ఆ దూరాన్ని నింపింది ఏమిటి? జాబులే.

ఇప్పుడు ఒక్క నిమిషం తపాలా సంగతి చెప్పనివ్వండి. అది తెలియకపోతే మిగతాది రుచించదు.

అప్పట్లో జాబుకి డబ్బు కట్టేది ఎవరు? రాసినవాడా, అందుకున్నవాడా? అందుకున్నవాడండీ! ఎంత కట్టాలి? దూరాన్ని బట్టి, కాగితాల లెక్కని బట్టి. లండను నుంచి ఎనభై మైళ్లు దాటితే ఒక్క కాగితానికి నాలుగు పెన్నీలు. రెండు కాగితాలైతే ఎనిమిది. కవరు పెడితే? కవరు కూడా కాగితమే కదా, దానికీ కట్టు! అందుకని ఎవరూ కవరు వాడేవాళ్లు కాదు. రాసిన కాగితాన్నే మడతపెట్టి, మడత లోపల మడత దూర్చి, లక్క కరిగించి పోసి, ముద్ర గుద్దేవాళ్లు. చిరునామా దాని వీపు మీదే. పార్లమెంటు సభ్యులకి మాత్రం తపాలా ఉచితం. 1764 దాకా అయితే వాళ్ల సంతకం ఉంటే చాలు. కాబట్టి తెలిసిన సభ్యుణ్ణి పట్టుకుని ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్లు. నవ్వుతున్నారు! మనవాళ్లు ఎమ్మెల్యే సిఫార్సు లేఖ కోసం తిరగరూ? అలాంటిదే.

మరి ఆ లక్కముద్ర జాబుని కాపాడుతుందా? తపాలా వాళ్ల దగ్గరే రహస్య విభాగం ఒకటి ఉండేది. విదేశాల జాబులు విప్పి, చదివి, మళ్లీ ముద్ర వేసి పంపడం దాని పని. సంకేతాలలో రాసినవి విప్పడానికి మరో విభాగం. దానికి పెద్ద ఎవరో తెలుసా? ఒక బిషప్పు! ఎడ్వర్డ్ విలెస్ అనే ఆయన. ఆదివారం ప్రసంగం, సోమవారం పరాయివాళ్ల జాబులు. కొడుకులకి కూడా అదే పని నేర్పాడు. నిజం చెప్పాలంటే మన కుమ్మరికి సర్కారు భయం లేదు. ఆయన మట్టి గోల సర్కారుకి ఎందుకు? ఆయన భయమంతా ఇంటి పక్కవాడితోనే. బర్స్‌లెమ్‌లో ఇంటికో ఆవం. పొగ రంగు చూసి ఏం కాలుస్తున్నాడో చెప్పగలవాళ్లు వాళ్లంతా.

ఇక్కడ మీకు ఒక ప్రశ్న రావాలి. వచ్చిందా? ఇంత దాపరికం ఎందుకు, పేటెంటు తీసుకోవచ్చుగా అని. మంచి ప్రశ్న. వెడ్జ్‌వుడ్ జీవితం మొత్తంలో పేటెంటు తీసుకున్నది ఒక్కటంటే ఒక్కటి. 1769లో. నల్ల పాత్రల మీద పాత గ్రీకుల పద్ధతిలో బొమ్మలు వేసే రంగులకి. ఏమైంది? ఏడాది తిరక్కుండానే పక్కూరు హాన్లీలో హంఫ్రీ పామర్ అనే పోటీదారు అలాంటివే చేసి అమ్మేశాడు. ఈయన కోర్టుకెక్కాడు. చివరికి 1771లో రాజీ. ఆ పేటెంటులోనే పామర్ వర్గానికి వాటా ఇచ్చి ఊరుకోవాల్సి వచ్చింది. దొంగతనం చేసినవాణ్ణి అల్లుణ్ణి చేసుకున్నట్టయింది! అసలు పేటెంటు అంటే ఏమిటి? నేను ఇలా చేస్తాను అని సర్కారుకి వివరంగా రాసిచ్చి, కొన్నేళ్లు ఇంకెవరూ చేయకుండా ఆపమనడం. రాసిచ్చిన కాగితం ఎవరైనా చూడొచ్చు. కొద్దిగా మార్చి, నాది వేరు అనొచ్చు. ఆయనకి ఒక్కసారితో బుద్ధొచ్చింది. ఇక జన్మలో పేటెంటు జోలికి పోలేదు. కాగితం మీద పెడితే లోకానికంతా తెలుస్తుంది, కాబట్టి ఒక్క మనిషికే చెప్తాను అనుకున్నాడు. ఆ ఒక్క మనిషి బెంట్లీ. నా లెక్కలో ఆయనకి అసలైన పేటెంటు బెంట్లీయే.

ఆ నమ్మకం ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెప్తాను. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ అని ఇంకో ఘనుడు. బొత్తాలు, బకిల్సు, వెండిసామాను. ఈయనకి వెడ్జ్‌వుడ్ స్నేహితుడు. పౌర్ణమి రాత్రుళ్లు భోజనాలకి కలిసే లూనార్ సొసైటీ అని ఒక జట్టు ఉండేది, బౌల్టన్ అందులో పెద్ద. పౌర్ణమి ఎందుకంటారా? ఇంటికి వెళ్లేటప్పుడు దారి కనిపించాలి కదా! సరే, 1769లో వెడ్జ్‌వుడ్ చెవిన ఒక మాట పడింది. బౌల్టన్ కూడా కుండీల వ్యాపారంలోకి దిగుతున్నాడని. మీరైతే ఏం రాస్తారు? మోసగాడు, భోజనం పెట్టి గుట్టు లాగాడు అని రాయరూ? ఈయన బెంట్లీకి ఏం రాశాడో నా మాటల్లో చెప్తాను. ఎట్రూరియా నిలబడలేక సోహో ముందు పడిపోవాల్సిందే అయితే, ఆ గెలుపుని మాత్రం వాళ్లకి చవగ్గా అమ్మొద్దు. ఇంగ్లండులోకెల్లా గొప్ప తయారీదారుతో తలపడుతున్నానంటే నాకు ధైర్యం రెట్టింపవుతోంది. ఈ జోడీ నాకు నచ్చింది. ఆ మనిషీ నచ్చాడు, ఆ ఊపూ నచ్చింది. ఇన్నాళ్లూ నాకు తగిలిన చవట నకలుగాళ్ల లాంటివాడు కాడు. చూశారా? కుస్తీకి దిగే పహిల్వాను తొడకొట్టినట్టు లేదూ! ఇది బౌల్టన్‌కి రాయలేదు. నలుగురిలో అనలేదు. బెంట్లీ ఒక్కడికే. భయం, అభిమానం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అలాంటి మాట మనం ఎవరికి చెప్పుకుంటాం?

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇందాక టైటిల్ విని, ఏమిటి మాస్టారూ దగ్గరి దారి అంటున్నారు అని మా కార్యదర్శి గారు అడిగారు. ఇదే.

మీరు ఎక్కడో చూసే ఉంటారు. లేత నీలం రంగు పింగాణీ లాంటి పలక, దాని మీద తెల్లటి బొమ్మలు ఉబ్బెత్తుగా. నగల్లో కూడా పొదుగుతారు. దాన్ని జాస్పర్ అంటారు. వెడ్జ్‌వుడ్ పేరు ఇవాళ్టికీ నిలిచి ఉన్నది దాని వల్లే. దానికోసం ఆయన ఏళ్లతరబడి వేలకొద్దీ ముక్కలు కాల్చి చూశాడు. ఒక్కో ముక్కకి ఒక్కో నంబరు. వేలిగోరంత బిళ్లలు పళ్లేలలో పేర్చినవి ఇప్పటికీ మ్యూజియంలో ఉన్నాయి. ప్రయోగాల పుస్తకంలో మాత్రం మట్టి పేరు, రాయి పేరు ఉండదు. అంకెలుంటాయి. ఫలానా అంకె ఇన్ని పాళ్లు, ఫలానా అంకె ఇన్ని పాళ్లు. పుస్తకం ఎవరైనా ఎత్తుకుపోయినా తాళంచెవి లేని పెట్టెని మోసుకుపోయినట్టే.

ఇది వినగానే నాకు మా మామయ్య కొట్టే గుర్తొస్తుంది. చీర అంచుకి చిన్న చీటీ కుట్టి ఉండేది. దాని మీద అంకె కాదు, రెండు మూడు అక్షరాలు. పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. అది కొన్న ధర. కొట్లో కుర్రాడు చీటీ చూసి ఎంతదాకా తగ్గొచ్చో తెలుసుకుంటాడు, కొనేవాళ్లకి అది అర్థం కాని రాత. ఆ పది అక్షరాల మాట ఏమిటో మా అత్తయ్యకి కూడా చెప్పలేదు ఆయన! ఇక్కడ బట్టల వర్తకులు ఉంటే మీకు ఇదంతా తెలుసు. నవ్వండి, చెప్పకండి.

సరే. జాస్పర్‌లో పడే అసలు సరుకు ఏమిటి? ఒక తెల్లటి బరువైన రాయి. డెర్బీషైర్ సీసపు గనుల్లో పనివాళ్లు దాన్ని కాక్ అనేవాళ్లు. మన శాస్త్రం చదివిన పిల్లలకి చెప్పాలంటే బేరియం సల్ఫేటు. గనివాళ్లకి అది చెత్త. సీసం ఏరుకుని దాన్ని పక్కన పారేసేవాళ్లు. ఇప్పుడు మ్యాపు మనసులో వేసుకోండి. డెర్బీషైర్ ఎక్కడ? స్టాఫర్డ్‌షైర్ పక్క జిల్లాయే. బండి కట్టుకెళ్లి తెచ్చుకోవచ్చు. మరి తెచ్చుకున్నాడా?

1775 ప్రాంతంలో బెంట్లీకి రాశాడు. నాకు మిగిలిన చిక్కల్లా ఆ ముడిసరుకు ఎలా సంపాదించాలి, ఎవరికీ తెలియకుండా ఎలా చేరవేయాలి అన్నదే. ముందుకు సాగాలంటే కొంత కావాలి. కానీ దగ్గరి దారిన తెప్పించే ధైర్యం లేదు, వేషం మార్చకుండా తెప్పించే ధైర్యమూ లేదు. ఎవరికీ తెలియకుండా అన్నచోట ఆయన వాడిన మాట ఇన్‌కాగ్. మారువేషంలో అని. మన కథల్లో రాజుగారు మారువేషంలో ఊరు తిరుగుతారు. ఇక్కడ రాయికి మారువేషం వేయాలి!

ఒక్కసారి ఆయన చోట మిమ్మల్ని ఊహించుకోండి. డెర్బీషైర్ వైపు నుంచి తెల్లరాళ్ల బండి ఒకటి ఎట్రూరియా గేటు ముందు ఆగితే ఏమవుతుంది? బండివాడు సత్రంలో బీరు తాగుతూ చెప్తాడు. ఎద్దులకి, అదే, అక్కడ గుర్రాలు లెండి, గుర్రాలకి నీళ్లు పెట్టేవాడు వింటాడు. సాయంత్రానికి హాన్లీకి తెలుస్తుంది. మర్నాటికి పామర్ బండి కూడా అదే గని దగ్గర ఉంటుంది. రాయి ధర ఏమంత? పారేసేదానికి ధరేమిటి? ఖరీదంతా ఆ రాయి ఏ ఊరిదో తెలియకపోవడంలో ఉంది. ఆ ఒక్క సంగతి తెలిస్తే వేల ప్రయోగాలలో సగం కష్టం ఎదుటివాడికి తప్పిపోతుంది.

ఇంకో జాబు చెప్తాను. ఇది ఇంకా తమాషా. ఇందులో దాచడం లేదు, చెప్పడం ఉంది. 1767లో వెడ్జ్‌వుడ్ థామస్ గ్రిఫిత్స్ అనే మనిషిని అమెరికా పంపాడు. కరొలైనా కొండల్లో చెరోకీ జాతి వాళ్ల నేలలో దొరికే తెల్లమట్టి కోసం. ఆ మనిషి నానా అవస్థలూ పడి ఐదు టన్నుల మట్టి తెచ్చాడు. ఖర్చు చూస్తే మళ్లీ తెప్పించే పని కాదని తేలిపోయింది. మట్టి ఉండిపోయింది. పదేళ్ల తరవాత, 1777 డిసెంబరులో, బెంట్లీకి ఏమని రాశాడు? మన జాస్పర్ పలకలు చెరోకీ మట్టితో చేసినవని ఒక మాట బయటికి వదిలితే బాగుంటుందేమో. మనిషిని పంపి మరీ తెప్పించామని, ఇది అయిపోతే ఇక దొరికే ఆశ లేదని, అక్కడివాళ్లను ఇవ్వడానికి ఒప్పించడం మహా కష్టమైందని చెప్పు. రాజుగారికి చూపించి ఈ కథ వినిపించు. నేను హాస్యమాడటం లేదు, ఇది నిజమే, అన్ని జాస్పర్లలోనూ చెరోకీ మట్టి కొంత పడుతోంది.

అర్థమైందా? డెర్బీషైర్ రాయి గురించి నోరెత్తొద్దు. అమెరికా మట్టి గురించి దండోరా వేయి. రెండూ అదే కుండలో ఉన్నాయి! పక్క జిల్లా చెత్తరాయి అంటే ఎవరు కొంటారు? సముద్రాలు దాటొచ్చిన మట్టి, ఇక దొరకదు అంటే రాజుగారే అడుగుతారు. అబద్ధం ఆడలేదు, గమనించండి. అందుకే నేను జాస్పర్లన్నిటిలో నిజంగా కొంత వేస్తున్నాను అని బెంట్లీకి మరీ మరీ చెప్పాడు. ఆ కొంత ఎంతో అడక్కండి. ఇవాళ్టి ప్రకటనల్లో బాదం, కుంకుమపువ్వు ఉన్నాయంటారే, ఆ సబ్బుల్లో ఎంత ఉంటుంది? అదీ సంగతి. ఈ ఎత్తుగడని నేను మెచ్చుకోవాలో, మొట్టికాయ వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆవిడైతే మొట్టికాయే అంది.

మన వైపు మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. గుట్లు జాబుల్లో దాగడమే కాదు, జాబుల్లోనే బయటికి పోతాయి కూడా. అదే శతాబ్దంలో, 1742లో, కోరమండల్ తీరం నుంచి కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ స్వదేశానికి పొడుగాటి ఉత్తరం రాశాడు. బట్టల మీద రంగు నిలిచేలా అద్దకం ఎలా వేస్తారో మెట్టుమెట్టుగా. ఎవర్ని అడిగి తెలుసుకున్నాడు? కొత్తగా మతం పుచ్చుకున్న అద్దకంవాళ్లని. ఆయనకి తెలుగు బాగా వచ్చు కూడా. ఆ ఉత్తరం అచ్చయింది. తరాలుగా తండ్రి కొడుక్కి నేర్పుకున్న పని ఒక్క ఉత్తరంతో సముద్రం దాటింది. వెడ్జ్‌వుడ్ దగ్గరి దారికి భయపడ్డాడు. మనవాళ్ల దగ్గర పని నేర్చుకుపోవడానికి దూరం కూడా అడ్డం కాలేదు.

సరే, మళ్లీ ఇంగ్లండు. ఇప్పుడు ఇంకో చిక్కు. జాబు పంపేశాక రాసినవాడి దగ్గర ఏం మిగులుతుంది? ఏం రాశానో రేపు నాకే గుర్తుండదు. వ్యాపారంలో అది కుదరదు. కాబట్టి ప్రతి జాబుకీ నకలు ఉండాలి. నకలు ఎవరు రాయాలి? గుమాస్తా. అంటే గుట్టు ముగ్గురికి తెలిసినట్టే. పోనీ నువ్వే రాసుకో అంటే, పగలంతా పని చేసి రాత్రి అదే జాబు రెండోసారి రాయాలి.

ఈ బాధ ఎక్కువగా పడినవాడు జేమ్స్ వాట్. ఆవిరి యంత్రం వాట్. 1775లో బౌల్టన్‌తో వాటా కలిపాడు. వాళ్ల యంత్రాలు కార్న్‌వాల్ గనుల్లో నడిచేవి, అంటే దేశం ఆ కొసన. యంత్రం అమ్మిన డబ్బు కాదు వాళ్లు తీసుకునేది. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయితే అందులో మూడోవంతు! ఇక లెక్కలు, తగవులు, వాదనలు, జాబుల మీద జాబులు. విసిగిపోయి ఏం చేశాడు? 1779 జూలైలో స్నేహితుడు జోసెఫ్ బ్లాక్‌కి రాశాడు. రాసిన ఇరవైనాలుగు గంటల్లోపైతే ఏ రాతకైనా క్షణంలో నకలు తీసే పద్ధతి కనిపెట్టాను, నా వ్యాపార జాబులన్నిటికీ నకళ్లు తీస్తున్నాను, నీకు పనికొస్తుందంటే కిటుకు చెప్తాను అని.

ఎలా పనిచేస్తుంది? చేత్తో చూపిస్తాను, ఈ కాగితం చూడండి. ఇది రాసిన జాబు. సిరా ప్రత్యేకం, త్వరగా ఇంకిపోకూడదు. దీని మీద పల్చటి కాగితం, ఉల్లిపొర లాంటిది, కాస్త తడిపి ఇలా పరుస్తారు. గట్టిగా నొక్కుతారు. సిరా కొంత దీనికి అంటుతుంది. కానీ అక్షరాలు ఎలా పడతాయి? అద్దంలో చూసినట్టు, తిరగబడి. మరి చదవడం ఎలా? కాగితం తిప్పు! పల్చటిది కదా, వెనకనుంచి సరిగ్గా కనబడుతుంది. అంతే. దానికి 1780లో పేటెంటు తీసుకున్నాడు. మొదటి ఏడాదే నూటయాభై యంత్రాలు అమ్ముడుపోయాయి. బ్యాంకులవాళ్లు మాత్రం గోలపెట్టారు. దొంగ నోట్లు, దొంగ సంతకాలు పుట్టుకొస్తాయని. కొత్త వస్తువు ఏది వచ్చినా మొదట ఉలిక్కిపడేది వాళ్లే కదా. ఇక్కడ బ్యాంకు ఉద్యోగులుంటే క్షమించాలి.

ఇంకో చిన్న ముక్క. 1806లో కార్బన్ పేపరుకి పేటెంటు తీసుకున్నది ఎవరో తెలుసా? రాల్ఫ్ వెడ్జ్‌వుడ్. మన కుమ్మరి దాయాదీ వాటాదారూ అయిన థామస్ కొడుకు. తాలూకాఫీసులో కార్బన్ పెట్టి టైపు కొట్టిన వాళ్లు ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు. వేళ్లకి అంటిన ఆ నలుపు అక్కడి నుంచి వచ్చింది.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా గుట్టు ఆగిందా? ఆగలేదు. బౌల్టన్, వాట్‌లకి యంత్రపు సిలిండర్లు పోసి ఇచ్చేది జాన్ విల్కిన్‌సన్. ఇనుమంటే పిచ్చి ఉన్న మనిషి. ఇరవై ఏళ్లు నమ్మారు. ప్రతి యంత్రం కొలత ఆయనకి జాబులోనే వెళ్లేది, వెళ్లకపోతే పోత ఎలా పోస్తాడు? 1795లో విల్కిన్‌సన్ అన్నదమ్ములు కొట్టుకున్నారు. తమ్ముడు విలియం వచ్చి చెప్పేశాడు, మా అన్న మీకు తెలియకుండా మీ యంత్రాలు తయారు చేసి అమ్ముకుంటున్నాడు అని. ఏ జాబునీ ఎవరూ దొంగిలించలేదు, ఏ ముద్రా పగలగొట్టలేదు. ఎవరికి రాశారో వాడే అమ్ముకున్నాడు. ఆ దెబ్బతో మరుసటి ఏటికి, అంటే 1796కి, వాళ్లు సొంత పోతఖానా కట్టుకున్నారు.

వెడ్జ్‌వుడ్‌కి ఆ బాధ బెంట్లీ వైపు నుంచి ఎన్నడూ రాలేదు. 1780 నవంబరు 26న బెంట్లీ పోయాడు. వెడ్జ్‌వుడ్ ఇంకా పద్నాలుగేళ్లు బతికాడు. పేరు పెరిగింది, కొలిమి వేడి కొలిచే పరికరం కనిపెట్టి రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అయితే బెంట్లీకి రాసినలాంటి జాబులు ఆ తరవాత ఇంకెవరికీ రాయలేదు. పనివాళ్లను విదేశాలు లాక్కుపోతున్నాయని భయపడి 1783లో వాళ్లకోసం ఒక హెచ్చరిక పుస్తకం వేశాడు. అది అచ్చు వేసి పంచినది. చదివితే దొరగారు మాట్లాడినట్టే ఉంటుంది. జాబుల్లో మనిషి మాట్లాడతాడు.

మరి ఇంత గుట్టుగా రాసినవన్నీ మనకెలా తెలిశాయి? 1848లో లివర్‌పూల్‌కి చెందిన జోసెఫ్ మేయర్ అనే నగల వర్తకుడు బర్మింగ్‌హామ్‌లో ఒక పాత సామాన్ల కొట్టుకి వెళ్లాడు. పాత వస్తువులు పోగుచేసే సరదా ఆయనకి. అక్కడ కాగితాల కుప్ప కనబడింది. వెడ్జ్‌వుడ్ కంపెనీ ఖాతాలు, జాబులు. ఎందుకివి అని అడిగితే, చిల్లరకొట్లవాళ్లు కొంటారండీ, వెన్న, పందిమాంసం పొట్లాలు కట్టుకోవడానికి అన్నాడట. మన మిరపకాయ బజ్జీలు పాత టెన్త్ క్లాసు జవాబు పేపర్లలో కడతారే, సరిగ్గా అలాగే! మేయర్ వాటిని కొనేశాడు. ఆ కాగితాల ఆధారంగానే 1865, 66ల్లో వెడ్జ్‌వుడ్ జీవితచరిత్ర వెలువడింది. 2014లో వెడ్జ్‌వుడ్ మ్యూజియం మొత్తం వేలానికి పోయే పరిస్థితి వస్తే, జనం చందాలతో సహా 1.57 కోట్ల పౌండ్లు పోగేసి నిలబెట్టుకున్నారు. దగ్గరి దారిన రావడానికి జంకిన రాయి సంగతి ఇప్పుడు ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు.

ముందు వరుసలో అమ్మాయి చీటీ పంపింది. "బెంట్లీ ఏం జవాబు రాసేవాడు?" మంచి ప్రశ్న తల్లీ. వెడ్జ్‌వుడ్ ఒకచోట రాశాడు, నీ జాబు ముద్ర విప్పకముందే, చేత్తో తాకితేనే నా ప్రాణం లేచొస్తుంది అని. అవి నాకు పత్రికలు, వార్తలు, ఇంకొంచెం ఉంటే బైబిలు అనేసేవాణ్ణి అని కూడా అన్నాడు. అంత ప్రాణంగా చూసుకున్న జాబుల్లో మనకి మిగిలినవి చాలా కొద్ది. ఫోనులో ఒకవైపు మాటే వినబడుతున్నట్టుంటుంది చదువుతుంటే. మిగతావి ఏమయ్యాయంటావా? మేయర్ ఆ కొట్టుకి వెళ్లేసరికి కొన్ని పొట్లాలు అప్పటికే అమ్ముడుపోయి ఉంటాయని నా అనుమానం. రుజువు లేదు, ఊరికే అంటున్నాను.

టీ వచ్చినట్టుంది. చల్లారకముందే పదండి.